తెల్లపంచె, నీలిమందు, కెమెరా



మా చిన్నప్పుడు బట్టలుతికే రోజున మా అమ్మ నూతి చప్టా మీద రెండు బకెట్లు పెట్టుకునేది. ఒకదాంట్లో మామూలు నీళ్లు. రెండోదాంట్లో నీలిమందు కలిపిన నీళ్లు. నాన్న పంచెలు ఎంత బండకేసి బాదినా కొన్నాళ్లకు వాటికి ఒకలాంటి పసుపుచాయ పట్టేది. అది సబ్బుకు లొంగేది కాదు. ఆఖరుసారి జాడించాక అమ్మ ఆ పంచెను నీలి నీళ్లలో ఒక్క ముంపు ముంచి, వెంటనే తీసి పిండి, దండెం మీద ఆరేసేది. ఆరిన పంచె మల్లెపువ్వులా ఉండేది. నీలిమందు పసుపును పోగొట్టదండీ. పసుపు ఎంత ఉందో అంత నీలం దానికి జతచేస్తుంది. రెండూ చెల్లుకు చెల్లయి కంటికి తెలుపు కనిపిస్తుంది. మందు కాస్త ఎక్కువైందా, పంచె నీలమై కూర్చుంటుంది.

నేను తెనాలిలో ఫొటోలు తీసి బతుకుతున్నవాణ్ని. ఫిల్ము రోజుల్లో మొదలుపెట్టాను, ఇప్పుడూ తీస్తున్నాను. డిజిటల్ కెమెరా చేతికొచ్చిన కొత్తలో వైట్ బ్యాలెన్స్ అనే మీట దగ్గర చాలాకాలం తికమకపడ్డాను. మా అమ్మ రెండో బకెట్ చేసిన పనే ఈ మీట కూడా చేస్తోందని తట్టిన రోజున దాని గుట్టు తెలిసింది. ఇవాళ ఆ సంగతి మీతో చెప్పుకుందామని వచ్చాను. పెద్ద కెమెరా లేకపోయినా పర్వాలేదు. మీ జేబులో ఉన్న ఫోన్‌లోనూ ఇదే జరుగుతోంది, మీరు అడక్కుండానే.

ముందు మన కన్ను సంగతి. ఈ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఒక పని చేసి చూడండి. ఇంట్లో పాతకాలం గాజు బల్బుగానీ, పసుపుపచ్చగా వెలిగే ఎల్‌ఈడీగానీ ఉంటే అది వేసుకుని ఒక పావుగంట కూర్చోండి. గోడ తెల్లగానే ఉంటుంది. చేతిలో ఉన్న పుస్తకం కాగితం తెల్లగానే ఉంటుంది. ఇప్పుడు లేచి వాకిట్లోకి వెళ్లి, ఆకాశంలో ఇంకా కాస్త వెలుగు ఉండగానే మీ కిటికీ వైపు తిరిగి చూడండి. గదంతా పసుపు నీళ్లు చల్లినట్టు ఉంటుంది. అదే గది, అదే గోడ. లోపల కూర్చున్నంతసేపూ ఆ పసుపును మీ కన్ను లెక్కలోంచి తీసేసింది. వాకిట్లోకి రాగానే కొత్త వెలుతురుకు సర్దుకుని, పాత వెలుతురు రంగేమిటో అప్పుడు బయటపెట్టింది.

యోహానెస్ ఫాన్ క్రీస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1902లో దీనికొక కారణం ఊహించి చెప్పాడు. మన కంట్లో రంగును పట్టే కణాలు మూడు రకాలు. ఏ రంగు వెలుతురు ఎక్కువగా పడుతుంటే ఆ రంగును పట్టే కణాలు తమ చురుకు తగ్గించుకుంటాయి, మిగతావి తమ పాళ్లు నిలుపుకుంటాయి అన్నాడు. ఇవాళ కెమెరా లోపల జరిగే లెక్క దాదాపు ఇదే. సెన్సర్ మీద కంటికి కనపడనంత చిన్న గళ్లు ఉంటాయి. ప్రతి నాలుగు గళ్లలో రెండింటి మీద ఆకుపచ్చ అద్దం, ఒకదాని మీద ఎరుపు, ఒకదాని మీద నీలం. కోడాక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్ దీనికి 1976లో పేటెంటు పొందాడు. వైట్ బ్యాలెన్స్ అంటే ఆ ఎర్ర గడి చెప్పిన అంకెను, నీలం గడి చెప్పిన అంకెను ఎంతెంత పెంచాలో నిర్ణయించడం. అంతకు మించి మాయ ఏమీ లేదు. కన్ను తనంతట తాను సర్దుకుంటుంది. కెమెరాకు ఒకరు చెప్పాలి, లేదా అదే ఊహించుకోవాలి. ఊహ తప్పిన చోటే మన ఫొటోలు పాడవుతున్నాయి.

కన్ను కూడా తప్పుతుందండోయ్. 2015 ఫిబ్రవరిలో స్కాట్లండ్‌లో ఒక పెళ్లి కోసం తీసిన ఒక గౌను ఫొటో లోకాన్నంతా రెండు జట్లుగా చీల్చింది. కొందరికి అది తెలుపు, బంగారు రంగు. కొందరికి నీలం, నలుపు. ఒకే ఇంట్లో, ఒకే తెర మీద చూస్తూ మొగుడూ పెళ్లాలు వాదించుకున్నారు. నిజానికి గౌను నీలం, నలుపే. ఆ ఫొటోలో వెలుతురు ఎటువంటిదో తెలిపే ఆనవాలు లేదు. గౌను నీడలో ఉందనుకున్నవాళ్ల మెదడు నీలాన్ని తీసేసి తెలుపు చూపించింది. పసుపు దీపం కింద ఉందనుకున్నవాళ్లకు నీలం నీలంగానే మిగిలింది. వెలుతురును ఏమని అనుకుంటామో దాన్నిబట్టి రంగు మారుతుందనడానికి నాకు ఇంతకన్నా మంచి దృష్టాంతం దొరకలేదు.

ఇక వెలుతురు రంగును కొలవడం. కమ్మరి కొలిమి చూసినవాళ్లకు ఇది తేలిక. తిత్తి ఊదుతుంటే ఇనుము మొదట ముదురు ఎరుపెక్కుతుంది. ఇంకా కాలితే నారింజ, ఆపైన పసుపు, ఆపైన తెల్లగా మెరిసిపోతుంది. కమ్మరికి థర్మామీటరు అక్కర్లేదు, రంగే వేడి చెబుతుంది. దీన్నే తిప్పి చెప్పుకుంటే వేడి అంకెతో రంగు పేరు చెప్పొచ్చు. ఆ అంకెనే కెల్విన్‌లలో చెబుతారు. మనకు తెలిసిన సెంటీగ్రేడుకు 273 కలిపితే కెల్విన్. నూనె దీపం వెలుగు సుమారు 1900. గాజు బల్బులో తీగ 2700, 2800 దగ్గర వెలుగుతుంది. హాలోజన్ లైటు 3200. నడిమింటి ఎండ 5500 ప్రాంతం. మబ్బు పట్టిన పగలు 6500. ఎండ నేరుగా తగలని నీడలో, అంటే ఒక్క నీలాకాశమే దీపమైన చోట, 7000, 8000, ఒక్కోసారి అంతకు మించి. నీడలో అంత వేడి ఉంటుందా అని అడక్కండి. అక్కడ అంకె రంగు పేరు మాత్రమే.

ఇక్కడే ప్రతి కుర్రవాడూ బోల్తాపడే మలుపు ఒకటుంది. పసుపు దీపానికి చిన్న అంకె అన్నాం కదా. కెమెరాలో 2800 పెట్టి మధ్యాహ్నం బయట తీస్తే ఫొటో పసుపుగా రావాలి కదా అనుకుంటారు. నీలంగా వస్తుంది! ఎందుకంటే మీరు పెట్టే అంకె ఫొటో రంగు కాదు. వెలుతురు గురించి మీరు కెమెరాకు చెప్పే మాట అది. ‘ఇక్కడ వెలుతురు బాగా పసుపుగా ఉంది’ అని చెప్పారు. అది నమ్మి కెమెరా బకెట్‌నిండా నీలిమందు కలిపింది. పసుపు లేని పంచె మీద ఆ నీలమంతా తేలింది. అంకె పెంచితే ఫొటో పసుపు వైపు, తగ్గిస్తే నీలం వైపు పోతుంది. ఇంకో సంగతి, ఈ మెట్లన్నీ సమానమైనవి కావు. 2700 నుంచి 3000కు జరిపితే తేడా ఎవరికైనా తెలుస్తుంది. 6200 నుంచి 6500కు జరిపితే పక్కపక్కన పెట్టి చూసినా పట్టుకోవడం కష్టం. చిన్న అంకెల దగ్గర చెయ్యి జాగ్రత్తగా తిప్పాలి.

ఫిల్ము రోజుల్లో ఇదంతా లేదా అంటే ఉంది. మేం వాడిన కలర్ ఫిల్ము పగటి వెలుతురుకు తయారైంది. బల్బు వెలుగులో తీస్తే మనుషులంతా నారింజ రంగుకు తిరిగేవారు. దానికి 80ఏ అనే నీలం ఫిల్టరు ఉండేది, లెన్సు ముందు బిగించుకోవాలి. కానీ అది వెలుతురులో ముప్పాతిక వంతు తనే తాగేసేది. రాత్రి పెళ్లిలో అంత వెలుతురు వదులుకోవడం ఎవరివల్ల అవుతుంది? అందుకని ఫ్లాష్ కొట్టేవాళ్లం. ఫ్లాష్ వెలుగు పగటి వెలుతురు రంగే. ఇంకా మిగిలిన తేడాలను ల్యాబులో ప్రింటు వేసే ఆపరేటరు సరిదిద్దేవాడు. మా తప్పులన్నీ చీకట్లో కూర్చుని మోసినవాడు అతనే. అతని పని మా చేతికి వచ్చి, మేం సరిగా చేయలేకపోయినప్పుడు గానీ అతని విలువ తెలిసిరాలేదు.

ఆ తెలిసిరావడం ఎలా జరిగిందో చెబుతాను. 2006, వైశాఖమాసం. తెనాలి దగ్గర ఒక పల్లెలో పెళ్లి. అర్ధరాత్రి దాటాక ముహూర్తం. వీడియో వాళ్లు వెయ్యి వాట్ల హాలోజన్ లైట్లు రెండు నిలబెట్టారు. నేను కెమెరాలో వైట్ బ్యాలెన్స్‌కు బల్బు గుర్తు పెట్టుకున్నాను. అది సరైన పనే. మధుపర్కాలు కట్టుకుని వచ్చారు పెళ్లికూతురూ పెళ్లికొడుకూ. తెల్లటి బట్ట, ఎర్రటి అంచు, కొసలకు పసుపు బొట్లు. మధుపర్కం ఫొటోగ్రాఫర్‌కు దేవుడిచ్చిన కొలబద్ద అంటాను నేను. తెలుపు తెల్లగా, అంచు ఎర్రగా, కొస పసుపుగా వచ్చాయంటే ఆ వెలుతురు మన చేతికి చిక్కినట్టే. ఆ రాత్రి మూడూ అచ్చం అలాగే వచ్చాయి. తలంబ్రాల దాకా ఒక్క ఫొటో తప్పు పోలేదు.

తెల్లవారింది. అప్పగింతలు. లోపల ఉక్కపోస్తోందని ఇంటి ముందు వసారాలోకి పీటలు మార్చారు. ఎండ ఇంకా రాలేదు. పాలగిన్నెలో కూతురి చేతులు ముంచి, ఆ చేతుల్ని అత్తగారి చేతుల్లో, మామగారి చేతుల్లో పెడుతున్నాడు తండ్రి. తెల్లటి పంచె, పైన కండువా. ఏడుపు ఆపుకుంటున్న మొహం. నేను మోకాళ్ల మీద కూర్చుని తీస్తూనే ఉన్నాను. బల్బు గుర్తు మార్చడం మర్చిపోయాను. హాలోజన్‌కు పెట్టిన నీలిమందంతా తెల్లవారుజాము నీలం మీద పడింది. కెమెరా వెనక చిన్న తెర మీద కాస్త నీలంగా కనిపించింది కూడా. వేకువ కదా, అలాగే ఉంటుందిలే అనుకున్నాను. స్టూడియోకు వచ్చి కంప్యూటర్‌లో చూస్తే నలభై ఫొటోలు, నలభైకి నలభై నీలిమందు బకెట్‌లో నానబెట్టినట్టున్నాయి.

అప్పట్లో మెమరీ కార్డులు ఖరీదు. చోటు సరిపోదని జేపెగ్‌లోనే తీసేవాళ్లం. జేపెగ్ అంటే ఉడికిన అన్నం. ఉప్పు ఎక్కువైతే తీయలేం. రా ఫైల్ అంటే బియ్యం. సెన్సర్ చూసిన అంకెలు ఉన్నవి ఉన్నట్టు ఉంటాయి, వైట్ బ్యాలెన్స్ పక్కన రాసిపెట్టిన చీటీ మాత్రమే. ఇంటికొచ్చి చీటీ మార్చుకోవచ్చు. ఆ ఒక్క రాత్రి తర్వాత నేను పెళ్లిలో రా లేకుండా కెమెరా ఎత్తలేదు. పెళ్లివారు నన్ను ఒక్క మాట అనలేదు. ల్యాబులో చేతనైనంత సరిచేయించి ఆల్బమ్ వేసిచ్చాను. కానీ ఆ పేజీలు వచ్చినప్పుడు ఆ తండ్రి గబగబా తిప్పేయడం చూశాను.

అందుకని నా మొదటి మాట ఇది. చోటు మారినప్పుడల్లా మీట మీద చెయ్యి పడాలి. కెమెరాలో గుర్తులు బొమ్మల భాషలోనే ఉంటాయి. సూర్యుడు ఎండకు. మబ్బు మబ్బుకు. ఇల్లూ దాని నీడా నీడకు. బల్బు, ట్యూబు, ఫ్లాష్‌కు మెరుపు. వీటిలో మనవాళ్లు దాదాపు వాడనిది ఇంటి నీడ గుర్తు. మన ఫొటోలు చాలావరకు నీడలోనే కదా తీస్తాం! అరుగు మీద, వసారాలో, పందిట్లో, గోడ పక్కన. ఎండలో కూర్చోబెడితే కళ్లు చికిలించుకుంటారని నీడకు లాగుతాం. అక్కడ మొహం మీద పడేది ఆకాశపు నీలం. ఆ గుర్తు పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి తీసి చూడండి. ముసలివాళ్ల మొహాలు ప్రాణం వచ్చినట్టు తేరుకుంటాయి.

చెట్టు కింద సంగతి వేరు. మామిడి తోటలో, వేపచెట్టు కింద వెలుతురు ఆకుల్లోంచి వడకట్టుకుని వస్తుంది. మొహాలు ఆకుపచ్చ తిరుగుతాయి. పసుపు, నీలం మధ్య ఎంత జరిపినా ఈ పచ్చ పోదు. దానికి ఎదురు రంగు, గులాబీకి దగ్గరగా ఉండే మజెంటా, కాస్త కలపాలి. మంచి కెమెరాల్లో, ఫోన్లలో ఫొటోలు దిద్దే ఆప్‌లలో టింట్ అని రెండో మీట ఉంటుంది. అది దీనికే. పాత ట్యూబులైట్లకు కూడా అదే మందు. ట్యూబులో పాదరసపు ఆవిరి వెలుగు ఉంటుంది, అందులో పచ్చపాలు ఎక్కువ. మన బడుల్లో, ఆఫీసుల్లో తీసిన ఎన్ని గ్రూపు ఫొటోలు కామెర్లు వచ్చినవాళ్లలా ఉన్నాయో మీకు తెలుసు.

మరి వెలుతురును కెమెరాయే ఊహించుకునే ఆటో గుర్తు ఉంది కదా, దానికే వదిలేయొచ్చు కదా అంటారు. చాలాసార్లు వదలొచ్చు. ఇప్పటి ఫోన్లు మొహాన్ని, ఆకాశాన్ని గుర్తుపట్టి మరీ లెక్కవేస్తున్నాయి. కానీ ఆటోకు పుట్టుకతో ఒక నమ్మకం ఉంది. లోకంలో రంగులన్నీ కలిపి సగటు వేస్తే బూడిదరంగు వస్తుందని. అలా రాలేదంటే తప్పు వెలుతురుది అనుకుంటుంది. ఆ నమ్మకం ఎక్కడ చెడుతుందో చూడాలంటే మాకు దూరం పోనక్కర్లేదు, పక్కనే దుగ్గిరాల ఉంది.

దుగ్గిరాల పసుపు యార్డు. పంట వచ్చే రోజుల్లో ఎటు చూసినా కొమ్ముల రాశులు. ఒకసారి ఒక రైతును తన రాశి ముందు నిలబెట్టి ఆటోలో తీశాను. ఫొటోలో మూడొంతులు పసుపే. కెమెరా ఏమనుకుంది? వెలుతురే పసుపు అనుకుంది. నీలం గుమ్మరించింది. పసుపు కొమ్ములు నిరుటి సరుకులా పాలిపోయాయి. రైతు తెల్ల చొక్కా నీలమైంది. ఆయన కెమెరా వెనక తెర చూసి, ‘ఇది నా సరుకు కాదు బాబూ’ అన్నాడు. నిజమే. ఏడాది కష్టపడి పండించి, ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగుపెట్టి తెచ్చిన రంగది. బేరగాడు మొదట చూసేదీ ఆ రంగునే. సూర్యుడి గుర్తు పెట్టి మళ్లీ తీశాను. రాశి రాశిలా వచ్చింది. గుంటూరు మిర్చి యార్డులో ఎరుపుతోనూ, వరిచేలో పచ్చతోనూ ఇదే జరుగుతుంది. ఎండలో ఉన్నప్పుడు అసలు ఆటో ఎందుకు? ఎండ రంగు మనకు తెలిసిందే. సూర్యుడి గుర్తు పెట్టేసి మర్చిపోండి, నీడలోకి వచ్చేదాకా.

వెలుతురు ఏమిటో బొత్తిగా అంతుపట్టనప్పుడు కొలిచి చూసుకోవడం ఒక్కటే దారి. నా సంచిలో ఎప్పుడూ ఒక బూడిదరంగు అట్ట ఉంటుంది, గ్రే కార్డు అంటాం. మీద పడ్డ వెలుతురులో 18 శాతాన్ని, అన్ని రంగులనూ సమానంగా, తిప్పికొడుతుంది. మొహం ఉన్న చోట, మొహం చూస్తున్న వైపే దాన్ని పట్టుకోమని ఒక ఫొటో తీస్తాను. ‘ఇది బూడిదరంగు, దీన్నిబట్టి నువ్వు లెక్క చూసుకో’ అని కస్టమ్ అన్న చోట కెమెరాకు చెబుతాను. అంతే. పది సెకన్ల పని. తెల్ల కాగితం పనికిరాదా అంటే, ఏమీ లేనప్పుడు పనికొస్తుంది. కానీ కాగితం మిల్లుల్లోనూ నీలిమందులాంటిది ఉంది. కంటికి కనపడని అతినీల లోహిత కిరణాలను మింగి నీలంగా వెదజల్లే పదార్థాలను కాగితంలో కలుపుతారు. ఇప్పటి సబ్బుపొడుల్లోనూ అవే ఉంటున్నాయి. అంటే కాగితం తెలుపులో కాస్త నీలం దాగి ఉంది. దాన్ని కొలబద్దగా పెడితే ఫొటో ఆ మేరకు పసుపు వైపు మొగ్గుతుంది.

ఇప్పుడు ఎల్‌ఈడీల కాలం. చవకగా ఎల్‌ఈడీ బల్బులిచ్చే ఉజాలా పథకం 2015లో వచ్చాక గాజు బల్బు మన ఇళ్లలోంచి దాదాపు మాయమైంది. బల్బు కొనేటప్పుడు డబ్బా మీద చూడండి. 2700, 3000, 4000, 6500 అని ఏదో ఒక అంకె, పక్కన కె అక్షరం ఉంటాయి. ఆ కెనే మనం చెప్పుకుంటున్న కెల్విన్. ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే అదే అంకె అక్కడ పెట్టుకోవచ్చు, చాలామటుకు పని జరుగుతుంది. పూర్తిగా ఎందుకు జరగదంటే ఎల్‌ఈడీ కొలిమిలో ఇనుములా వేడెక్కి వెలగదు. లోపల నీలం దీపం, దాని మీద పసుపు వెలుగునిచ్చే పూత. రెండూ కలిసి తెలుపు అనిపిస్తాయి. చవక బల్బుల్లో ముదురు ఎరుపు పాలు సరిగా ఉండదు. వెలుతురులో లేని ఎరుపును కెమెరా ఎక్కడి నుంచి తెస్తుంది? కుంకుమ ఇటుకపొడిలా వస్తుంది, మొహాలు నెత్తురు లేనట్టు వస్తాయి. డబ్బా మీద, రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే సీఆర్ఐ అని ఇంకో అంకె ఉంటే అది 90 దాటినదాన్ని తీసుకోండి. ఫొటోల కోసమే కాదు, అద్దం ముందు బొట్టు పెట్టుకోవడానికీ మంచిది.

వెనకట రోడ్ల మీద సోడియం దీపాలు ఉండేవి, నారింజ రంగువి. వాటి కింద ఏం పెట్టినా రంగులు రావు. ఉన్నది దాదాపు ఒకే రంగు వెలుతురు కాబట్టి. ఇప్పుడు ఫంక్షన్ హాళ్లలో వేదిక మీద ఊదా, నీలం లైట్లు పోస్తున్నారే, అదీ అంతే. పెళ్లికూతురి ఎర్రచీర ఆ నీలం వెలుగులో నల్లబడిపోతుంది. ఏ మీటా దాన్ని తిరిగి ఎర్రబరచలేదు. నేను ముందే డెకరేషన్ వాళ్లను బతిమాలుకుంటాను. జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు, ఈ మూడు చోట్ల రంగు లైట్లు ఆర్పండి బాబూ, తర్వాత మీ ఇష్టం అని. పెళ్లిపెద్దలు కూడా ఆ మాట అడగాలి. ఆల్బమ్ మీది.

రెండు రకాల వెలుతురు కలిసిన చోట కూడా మీట ఓడిపోతుంది. కిటికీ పక్కన కూర్చున్న పాప సగం మొహం మీద పగటి వెలుగు, సగం మీద బల్బు. ఒకటి సరిచేస్తే రెండోది చెడుతుంది. బల్బు ఆర్పేయండి. ఇంత చిన్న పని ఎవరూ చేయరు! రాత్రి హాల్లో అయితే మేం ఫ్లాష్ ముందు నారింజ రంగు కాగితం అంటించి, దాన్ని కూడా బల్బు రంగుకే తెచ్చి, బల్బు గుర్తు పెట్టుకుంటాం. ఇల్లంతా ఒకే రంగు దీపం కింద ఉన్నట్టవుతుంది.

ఇన్ని చెప్పాను గానీ, సరిచేయకూడని వెలుతురు కూడా ఉంది. కార్తీక పౌర్ణమి రాత్రి రాజమండ్రి పుష్కరాల రేవులో అరటి దొప్పల్లో దీపాలు వదులుతుంటే, ఆ మొహాల మీద పడే వెలుగు 1900. దాన్ని కెమెరా తెలుపుకు తెచ్చిందంటే అది దీపం కాదు, టార్చిలైటు. నేను అప్పుడు 3500, 4000 మధ్య పెడతాను, కొంత పసుపు తీసి చాలావరకు ఉంచేలా. సాయంత్రం నీరెండకు సూర్యుడి గుర్తే పెడతాను. వెలుతురులో ఉన్న వెచ్చదనమంతా ఫొటోలోకి రానిస్తాను. మనకు గుర్తుండిపోయిన రంగేదో, అది రావాలి. కొలత అంతవరకే దారి చూపిస్తుంది, ఆ తర్వాత తీసేవాడి మనసు చెప్పాలి.

వైట్ బ్యాలెన్స్ అన్న పేరు వినగానే అందరి ధ్యాసా తెలుపు మీదికి పోతుంది. నా ధ్యాస ఎప్పుడూ చామనచాయ మీద. కోడాక్ కంపెనీ ఒకప్పుడు ల్యాబులకు రంగులు సరిచూసుకోవడానికి ఒక నమూనా ఫొటో పంపేది. షర్లీ కార్డు అనేవాళ్లు. అందులో ఉన్నది తెల్లజాతి అమ్మాయి. ఆమె మొహం సరిగా వస్తే ప్రింటు సరైనట్టు లెక్క. అన్ని రంగుల మనుషులూ ఉన్న కార్డులు చాలా ఏళ్లకు గానీ రాలేదు. ఇవాళ ఫోన్లు ఆ పని ఇంకో దారిలో చేస్తున్నాయి. మొహం కనపడగానే తెల్లబరిచి, వెచ్చదనం తీసేసి, పిండి రాసినట్టు చేస్తున్నాయి. మన నలుపులో రాగి ఉంటుంది, చామనచాయలో తేనె ఉంటుంది. వెలుతురులో కాస్త నీలం మిగిలిపోతే మొదట దెబ్బతినేవి ఇవే. అదే నలుపు బూడిద పూసినట్టవుతుంది. మొహం సరిగా రాలేదమ్మా, నేను నల్లగా ఉంటాను కదా అని ఆడపిల్లలు అంటుంటే నాకు ప్రాణం విలవిల్లాడుతుంది. తప్పు ఆ పిల్ల రంగుది కాదు. ఎవరో మీట తిప్పలేదు.

ఆ నీలం ఆల్బమ్ అమ్మాయి కిందటేడు స్టూడియోకు వచ్చింది. అప్పగింతల్లో ఒక ఫొటో పెద్దది చేసివ్వమంది. తండ్రి పోయి ఏడాది అయిందట. ఆమె చేతులు పాలగిన్నెలో ఉన్నాయి, ఆయన చేతులు వాటి కింద ఉన్నాయి. పాత డిస్కు వెతికి ఆ జేపెగ్ తీశాను. తెలుపు ఏదో కంప్యూటర్‌కు చూపించాలి. మొదట పాల మీద పెట్టాను. పాలలో సహజంగా కాస్త మీగడ పసుపు ఉంటుంది. దాన్నే తెలుపు అన్నందుకు ఫొటో ఇంకా చల్లగానే ఉండిపోయింది. తర్వాత ఆయన పంచె మడత మీద పెట్టాను. నీలిమందు పెట్టిన పంచె అది, మా నాన్న పంచెలాంటిదే. ఆ నీలం మేరకు ఫొటో వెచ్చగా జరిగింది. భుజం మీద కండువా అంచు మరీ మెరిసిన చోట రంగు కుదరలేదు, జుట్టులో కొంచెం ఊదా మిగిలింది. వాటిని చేత్తో దిద్దుకుంటూ రెండు సాయంత్రాలు కూర్చున్నాను. ఆయన నల్లటి మనిషి. చెక్కిళ్ల మీద రాగి తిరిగి వచ్చింది.

ప్రింటు చేతికిచ్చాను. ఆమె స్టూడియోలో ఎల్‌ఈడీ కింద చూడలేదు. తలుపు తీసుకుని బయట మెట్టు మీదికి వెళ్లి, పగటి వెలుగుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది.